తాతగారి తుపాకీ ఎవరికి అప్పజెప్పాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కలెక్టర్లకు, పోలీసు కమిషనర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

తుపాకుల చట్టం ఢిల్లీది. ఆయుధాలు, మందుగుండు రాజ్యాంగంలో కేంద్ర జాబితా కిందికి వస్తాయి. 1959 నాటి ఆయుధాల చట్టం పార్లమెంటు చేసింది, 2016లో కొత్తగా రాసిన నియమాలు కేంద్ర హోం శాఖవి. అయినా ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. ఇంటి పెద్ద పోయాక ఆయన తుపాకీ కొడుకు పేరుకో కూతురి పేరుకో మారాలా వద్దా అన్నది మీ సంతకంతో తేలుతుంది. లైసెన్స్ లేని తుపాకీ ఇంట్లో ఉందని కేసు పెడితే, అది కోర్టులో నడవడానికి ముందుగా మీ అనుమతి ఉండాలి. స్టేషన్‌లో అప్పగించిన తుపాకీని చివరికి సర్కారు పరం చేసే ఉత్తర్వు కూడా జిల్లా మేజిస్ట్రేట్‌దే. కమిషనరేట్ ఉన్న చోట జిల్లా మేజిస్ట్రేట్ అంటే పోలీసు కమిషనరేనని ఆ చట్టమే చెబుతోంది. అందుకే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల కమిషనర్లకు కూడా ఇదే ఉత్తరం.

నేను జిల్లా కోర్టులో వకీలును. దోపిడీల్లో, హత్యల్లో పట్టుబడే తుపాకుల గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. వాటి సంగతి చూసుకోవడానికి మీ దగ్గర కావలసినంత యంత్రాంగం ఉంది. నా మాట ఎవరూ కాల్చని, ఎవరికీ అక్కర్లేని, ఎవరికీ అప్పజెప్పడం తెలియని తుపాకుల గురించి. తండ్రి పోయి పెద్దకర్మ అయ్యాక బీరువా తీస్తే, పాత పంచెలో చుట్టి కనిపించే డబుల్ బ్యారెల్ గురించి.

మన రెండు రాష్ట్రాల్లో ఇవి ఎందుకున్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోస్తాలో ఎస్టేట్ల కాలం నాటి వేట తుపాకులు, తెలంగాణలో గడీల్లో మిగిలిపోయిన రైఫిళ్లు, చిత్తూరు పల్లెల్లో, మన్యంలో అడవిపందుల మీదికి వాడిన మందు కూరే నాటు తుపాకులు, పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్ల రివాల్వర్లు. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్లను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం రావడంతో వేటకు కాలం చెల్లింది. ఇలా తుపాకీ కొనడానికి ఉన్న కారణాలు ఒక్కొక్కటే పోయాయి. తుపాకులు మాత్రం అటక మీదా, ధాన్యపు కొట్లోనూ ఉండిపోయాయి.

ఇప్పుడు వాటిని కిందికి దించుతున్నది మూడో తరం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడు, డాలస్ నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన కూతురు, ఊళ్లో ఒక్కతే మిగిలిన పెద్దావిడ. వాళ్లకు మొదట కలిగేది భయం. తరువాత వచ్చే ఆలోచన, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని. కొందరు దాన్ని పాడుబడ్డ బావిలో వేస్తారు. కొందరు ఊరి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి గొట్టం కోయించి ‘ఇక ఇది తుపాకీ కాదు’ అని ఊపిరి పీల్చుకుంటారు. ఈ రెండోవాళ్లకు తెలియనిది ఒకటుంది. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ ఇంట్లో ఉంచుకుంటే 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. తుపాకీ గొట్టం పొట్టి చేయడం సెక్షన్ 6 కింద వేరే నేరం, దానికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. ఆ సెక్షన్ రాసింది గొట్టం కోసి చొక్కా కింద దాచుకునే నేరస్థుడి కోసం. కానీ రాసిన మాటలు కమ్మరి కొలిమి దగ్గర నిలబడ్డ రిటైర్డ్ టీచరుకు కూడా అంతే అతుకుతాయి. వదిలించుకోవాలన్న తొందరలో చిన్న తప్పును పెద్ద తప్పుగా మార్చుకోవడమంటే ఇదే. వాళ్లకు ముందుగా ఈ మాట చెప్పే పోస్టరు ఒక్కటి ఏ స్టేషన్ గోడ మీదా నా కంట పడలేదు.

మొదటి రకం, అంటే తండ్రికి లైసెన్స్ ఉన్న తుపాకీ సంగతి కాస్త తేలిక. చట్టం అక్కడ తలుపు తీసే ఉంచింది. లైసెన్స్ మనిషికి ఇచ్చేది, తుపాకీకి ఇచ్చేది కాదు. మనిషి పోగానే ఆ కాగితం కూడా పోయినట్టే. ఏ కారణం వల్లనైనా తుపాకీ దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన జాప్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అప్పగించాలని సెక్షన్ 21 చెబుతోంది. జనం భయపడేది ఇక్కడే, ఇచ్చేస్తే పోయినట్టేనని. అది నిజం కాదు. నియమాల్లో చెప్పిన గడువులోగా వారసుడు అర్హత సంపాదించుకుంటే తుపాకీ వెనక్కి తీసుకోవచ్చు. వద్దనుకుంటే లైసెన్స్ ఉన్న మరొకరికి అమ్మి డబ్బు తీసుకోవచ్చు. రెండూ చేయకపోతే, నోటీసు ఇచ్చాకే అది ప్రభుత్వానికి పోతుంది. ఆ సెక్షన్ దయతో రాసిందని నా అభిప్రాయం. దాన్ని అమలు చేసే చోట ఆ దయ కనిపించదు.

వారసుడు తన పేరున పెట్టుకోవాలనుకుంటే 2016 నియమాల్లో 25వ నియమం ఉంది. లైసెన్స్‌దారు చనిపోయాక వారసుడికి ఇవ్వవచ్చు. అంతకన్నా మంచి ఏర్పాటు కూడా అందులోనే ఉంది. లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, తాను బతికుండగానే ఒక వారసుణ్ని ఎంచుకుని ఆ పేరున మార్పించవచ్చు. ఎంతమంది ముసలివాళ్లకు ఈ సంగతి తెలుసు? నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. లైసెన్స్ ఇప్పుడు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు మీ కలెక్టరేట్‌లోని మెజిస్టీరియల్ సెక్షన్‌కే వస్తుంది. దరఖాస్తులో పుట్టినతేదీ ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ‘మీ తరువాత ఇది ఎవరికి?’ అని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గుమాస్తాకు మీరు చెప్పే ఒక్క మాట చాలు.

ఆ మాట అడగకపోవడం వల్ల జరిగేది చెబుతాను. ఒక జిల్లాలో, పేరు వద్దు, భర్త పోయిన ఆవిడ పన్నెండు బోరు తుపాకీని తన పేరున మార్చమని దరఖాస్తు పెట్టింది. తహశీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చాలదన్నారు, కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెచ్చేసరికి పిల్లలందరి నుంచీ నిరభ్యంతర పత్రం కావాలన్నారు. ఒక కొడుకు విదేశంలో ఉన్నాడు. ఆ కాగితం వచ్చేసరికి స్పెషల్ బ్రాంచ్ రిపోర్టు పాతబడింది, మళ్లీ రాయించాలన్నారు. ఇంతకాలమూ తుపాకీ ఎక్కడుంది? ఆవిడ ఇంట్లోనే. స్టేషన్‌కు తీసుకెళితే ‘ఫైల్ తేలాక చూద్దాం, ఇక్కడ చోటు లేదు’ అని పంపేశారు. అంటే, అప్పగించమని చట్టం చెప్పినచోటే తీసుకోలేదు, తీసుకోని పాపానికి రేపు కేసు ఆవిడ మీదే. లైసెన్స్ ఇవ్వనంటే ఎందుకో రాసివ్వాలని చట్టంలో ఉంది, దాని మీద అప్పీలుకు దారీ ఉంది. ఆవిడకు ఇస్తామనీ చెప్పలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. కాగితం లేకపోతే వకీలు కూడా చేసేదేమీ ఉండదు.

వారసుడికి షరతులు ఉండటం తప్పని నేననను. 21 ఏళ్లు నిండాలి, హింస కేసుల్లో శిక్ష పడి ఉండకూడదు, తుపాకీ భద్రంగా దాచే ఏర్పాటు ఇంట్లో ఉండాలి, పోలీసు విచారణ జరగాలి. అన్నీ సబబైనవే. ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను 2019 డిసెంబరులో మూడు నుంచి రెండుకు తగ్గించారు, వంశపారంపర్యంగా వచ్చినవైనా సరే రెండు దాటకూడదన్నారు. దాంట్లోనూ తప్పులేదు. మూడోది అప్పగించడానికి ఇచ్చిన ఏడాది గడువు మాత్రం సరిగ్గా కోవిడ్ లాక్‌డౌన్ల ఏడాదితో కలిసింది. గడప దాటని ముసలివాళ్లకు ఆ నోటిఫికేషన్ గురించి ఎవరు చెప్పారో నాకు తెలియదు. మీ జిల్లాలో మూడో తుపాకీ అప్పగించని కుటుంబాలు ఇంకా ఉంటే, వాటిలో చాలావాటికి అది ధిక్కారం కాదు.

ఇక రెండో రకం, పేరులోనే నిషేధం ఉన్నది. ఆఫీసు భాషలో పీబీ, అంటే ప్రొహిబిటెడ్ బోరు. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే తుపాకులివి. పాయింట్ 303 రైఫిల్, సర్వీసు 9 ఎంఎం పిస్టల్, పాయింట్ 380, పాయింట్ 455 తూటా పట్టే రివాల్వర్లు ఈ కోవలోకి వస్తాయి. ఆ తూటాలు సర్కారు గోదాముల నుంచి బయటికి కారకూడదన్నదే ఈ విభజన వెనక ఉన్న లెక్క. తుపాకీ బలాన్ని బట్టి కాదు. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరులకు అమ్మే పాయింట్ 315 రైఫిల్ మామూలు లైసెన్స్‌తో దొరుకుతుంది, ఎవరి తాతో పట్టాళం నుంచి తెచ్చుకున్న, స్ప్రింగు తుప్పు పట్టిన పాయింట్ 455 వెబ్లీ మాత్రం నిషిద్ధ జాబితాలో ఉంటుంది. దానికి లైసెన్స్ మీరు కూడా ఇవ్వలేరు, కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. లైసెన్స్ లేకుండా దొరికి, నిషిద్ధ ఆయుధమని తేలితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. మనవడికి పాయింట్ 455కూ పాయింట్ 32కూ తేడా తెలుస్తుందా? గొట్టం మీద అరిగిపోయిన అంకెలు చదవగలడా? పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఇనుము. ఆ ఇనుము మీది అంకెను బట్టి రెండేళ్ల నేరం ఏడేళ్ల నేరం అవుతుంది. ఇంట్లో పీబీ రివాల్వర్ బయటపడిన కుటుంబం చేయగలిగిన తెలివైన పని ఒక్కటే. దాన్ని ముట్టుకోకుండా వకీలు ద్వారా రాతపూర్వకంగా మీకు తెలియజేయడం. ఆ ఉత్తరం మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు అది ఒప్పుకోలు పత్రం కాదు, సహకారం. దయచేసి అలాగే చదవండి.

మూడో రకం దగ్గర చట్టంలోనే కంత ఉంది. ఎన్నడూ లైసెన్స్ లేని తుపాకీ. తాత కాలంలో ఎవరో ఇచ్చింది, ఎవరి పేరునా రాయనిది. ఒకప్పుడు చట్టబద్ధంగా ఉండి తరువాత కాకుండా పోయిన ఆయుధం గురించే సెక్షన్ 21 మాట్లాడుతుంది. మొదటి నుంచీ చట్టబద్ధం కానిదాన్ని స్వచ్ఛందంగా తెచ్చి ఇచ్చేవాడి గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. నేరం జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పాలని సెక్షన్ 36 అంటుంది. చెబితే నిందితుడు తనే అవుతాడు. చెప్పకపోతే, తుపాకీ ఉన్నట్టు తెలిసిన ఉమ్మడి ఇంటివాళ్లందరూ సెక్షన్ 35 కింద బాధ్యులవుతారు. నిరుడు కాపురానికొచ్చిన కోడలు అటక మీద మూట చూసి ఉంటే ఆమె కూడా అందులో ఉన్నట్టే.

‘కలిగి ఉండటం’ అంటే తెలిసి కలిగి ఉండటమేనని సుప్రీంకోర్టు 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తెలియకుండా ఇంట్లో పడి ఉన్నదానికి శిక్ష వేయలేరు. మంచి తీర్పు. కానీ దాని నీడలో ఒక వింత కూడా ఉంది. పెట్టె తెరవనివాడు నిర్దోషి. తెరిచి చూసినవాడికి ఆ క్షణం నుంచే నేరం మొదలవుతుంది. కాబట్టి మా వకీళ్లలో కొందరు కక్షిదారులకు గుసగుసగా చెప్పే సలహా ‘ఆ పెట్టె జోలికి పోకండి’ అని. న్యాయపరంగా అది పదునైన సలహా కావచ్చు. ఊరికి మంచిది కాదు. తెరవని పెట్టె ఏదో ఒకరోజు పనివాడి చేతికో, పదేళ్ల పిల్లాడి చేతికో చిక్కుతుంది.

ఇక్కడ ఒక పోలిక తెస్తే మీరు నొచ్చుకోకూడదు. అడవిలో ఏళ్ల తరబడి తుపాకీ పట్టిన మావోయిస్టు దాన్ని తెచ్చి లొంగిపోతే ప్రభుత్వం పునరావాసం ఇస్తుంది, తెచ్చిన ఆయుధాన్ని బట్టి అదనంగా డబ్బు కూడా ఇస్తుంది. ఆ విధానాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. దానివల్ల ఎన్నో ప్రాణాలు మిగిలాయి. కానీ జీవితంలో ఒక్క తూటా కాల్చని వితంతువు తాతగారి నాటు తుపాకీని తెచ్చి ‘ఇది తీసుకోండి బాబూ’ అంటే ఆమె కోసం మాత్రం ఏ విధానమూ లేదు. మణిపూర్‌లో 2025 ఫిబ్రవరిలో గవర్నరు, దోచుకెళ్లిన ఆయుధాలను వారం రోజుల్లో తెచ్చి ఇస్తే శిక్షించబోమని ప్రకటించారు, తరువాత గడువు మార్చి 6 దాకా పెంచారు. పోలీసు ఆయుధాగారాల నుంచి ఎత్తుకెళ్లిన తుపాకులకే ఆ వెసులుబాటు ఇవ్వగలిగినప్పుడు అటక మీది తుపాకీకి ఎందుకు ఇవ్వకూడదు?

బయటి దేశాలను ఆదర్శంగా చూపడం నాకు అంతగా ఇష్టం ఉండదు, కానీ ఆస్ట్రేలియా సంగతి చెప్పక తప్పదు. 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాక అక్కడి ప్రభుత్వాలు చట్టాన్ని బిగించి, ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నాయి. ఆ తరువాత కూడా అటకల మీద మిగిలినవి బయటికి వస్తూనే ఉన్నాయి. 2017లో మూడు నెలల గడువు ప్రకటిస్తే యాభై వేలకు పైగా వచ్చాయి. ఈ పని ఒక్కసారితో తేలేది కాదని అర్థమై, 2021 జూలై నుంచి శాశ్వత క్షమాభిక్ష పెట్టారు. ఎప్పుడైనా తెచ్చి ఇవ్వవచ్చు, ఎక్కడిదని నిలదీయరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ‘ఇక్కడ ఇవన్నీ ఏమీ ఉండవు’ అంటుంటారు. అది సగమే నిజం. మెషీన్ గన్ వంటి ఆయుధం చనిపోయినవారి పేరున రిజిస్టరై ఉంటే వారసుడికి పన్ను లేకుండా మారుతుంది. రిజిస్టరు కాకపోతే వారసుడు దాన్ని తరువాత తన పేరున రిజిస్టరు చేయించుకునే దారే లేదు, వదులుకోవాల్సిందే. ఆ కచ్చితత్వం కఠినమైనదే. అయినా ఏం చేయాలన్నది ముందే రాసి ఉంది, మనకు అదే లేదు.

పురాతన ఆయుధాల గురించి రెండు ముక్కలు. పాతబడి, శిథిలమై, బాగుచేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికి ఈ చట్టం వర్తించదని సెక్షన్ 45 చెబుతోంది. ‘బాగుచేసినా’ అన్న మాటను జనం వదిలేస్తారు. రెండు వందల ఏళ్ల నాటి తిరి తుపాకీ అయినా, కమ్మరి ఒక పూట కూర్చుంటే పేలేదైతే అది తుపాకీయే. పేలుతుందో లేదో చెప్పాల్సింది ఇంటివాళ్లు కాదు, నిపుణులు. మీ జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్ ఉంటాడు, కావాలంటే ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. పరీక్షించి ‘ఇది పనికిరానిది’ అని కాగితం ఇచ్చే ఏర్పాటు ఉంటే వాటిలో కొన్ని కమ్మరి కొలిమికి పోకుండా మ్యూజియాలకు చేరతాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిని చూసిన ఎవరికైనా ఆ లోహపు పని విలువ తెలుస్తుంది.

మన్యంలో గిరిజన రైతు సంగతి వేరు. పంట కాపాడుకోవడానికి నిజాయితీగా వాడుకునే మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇవ్వాలని సెక్షన్ 13లోనే ఉంది. వాళ్లలో చాలామందికి అది తెలియదు, చెప్పినవారూ లేరు. తండ్రి చేసిన తుపాకీ కొడుకు చేతికి వస్తుంది, కొడుకు మీద కేసు వస్తుంది. ఆ రైతుకు అప్పగించే దారితో పాటు అర్హత ఉంటే అడిగే దారి కూడా చూపించండి.

ఇంతకీ మీరు చేయగలిగింది ఏమిటి? అన్నిటికన్నా ముందు, తుపాకీని స్టేషన్ దాకా మోయించకండి. లైసెన్స్‌దారు బతికి ఉంటే ఆయన రాతపూర్వక అనుమతితో మరొకరు మరమ్మతుకో రెన్యువల్‌కో తీసుకెళ్లవచ్చు. ఆయన లేకపోతే ఆ మినహాయింపు కూడా పోతుంది. తుపాకీ గోనెసంచిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కిన కొడుకు, చట్టం మాట వినడానికి వెళుతూ దారిలోనే చట్టం తప్పుతున్నాడు. ఫోను చేస్తే ఎస్సై ఇంటికి వచ్చి, పంచనామా రాసి, తూటాలతో సహా తీసుకుని, నంబరుతో రసీదు ఇవ్వాలి. పాత తూటాలను ఇంటివాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది కూడా. స్టేషన్‌లో చోటు లేదనే మాట ఇక వినపడకూడదు.

రెండోది, మీ దగ్గర ఉన్న జాబితాను వాడండి. ప్రతి ఎన్నికకూ ముందు లైసెన్స్‌దారులకు కబురు పెట్టి తుపాకులు డిపాజిట్ చేయిస్తారు. ఆ పనిలో మీ సిబ్బంది ఆరితేరారు. కానిస్టేబుల్ గుమ్మం ముందు నిలబడి ‘సార్, ఎన్నికలొచ్చాయి’ అంటాడు. అదే సారు చనిపోతే ఆ గుమ్మానికి ఎవరూ రారు. లైసెన్సులన్నీ జాతీయ డేటాబేస్‌లో విశిష్ట సంఖ్యతో ఉన్నాయి, మరణాల రిజిస్టరు పంచాయతీలో, మున్సిపాలిటీలో ఉంది. ఏడాదికోసారి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం పెద్ద పనేమీ కాదు.

మూడోది కాస్త ధైర్యం అడిగేది. సెక్షన్ 41 కింద ప్రజాప్రయోజనం కోసం కొందరిని చట్టంలోని నిబంధనల నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. వారసత్వంగా వచ్చిన, లైసెన్స్ లేని తుపాకీని ఫలానా తేదీలోగా స్వచ్ఛందంగా అప్పగించేవారికి ఆ మినహాయింపు ఇవ్వమని మీ రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా అడగండి. తుపాకుల గణన చేయించే అధికారం కూడా సెక్షన్ 42లో ఉంది. ఎన్ని బయటికి రావాలో తెలియాలంటే దాన్ని ఒకసారి వాడి చూడాలి. ‘ఇలా వదిలేస్తే నేరస్థులు కూడా తాతగారిదే అంటారు’ అని మీ పోలీసు అధికారులు అభ్యంతరం చెబుతారు. చెప్పాల్సిందే. జవాబు కూడా వాళ్ల దగ్గరే ఉంది. తుపాకీ నంబరూ, కాల్చిన గుర్తులూ పరీక్షించండి, ఏదైనా నేరంలో వాడినట్టు తేలితే మినహాయింపు వర్తించదని ముందే రాయండి. నేరస్థుడు తుపాకీ పట్టుకుని స్టేషన్‌కు నడిచి రాడు.

ఢిల్లీ నుంచి ఆ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇది చదువుతున్న కుటుంబాలకు కూడా ఒక మాట. కోయకండి, పారేయకండి, అమ్మకండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ముందు ఒక వకీలుతో మాట్లాడి, దరఖాస్తు రాసి, స్టేషన్‌లోనూ కలెక్టరేట్‌లోనూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తుపాకీ అప్పగించాక రసీదును ఆస్తి కాగితాలతో పాటు దాచండి.

కలెక్టర్ గారూ, కమిషనర్ గారూ, లైసెన్స్ లేని తుపాకీ కేసుల్లో సెక్షన్ 39 కింద మీ అనుమతి కోసం ఫైళ్లు వస్తూనే ఉంటాయి. ఇక మీదట వాటిలో మొదట ఒక్క సంగతి చూడండి. తుపాకీ సోదాలో దొరికిందా, ఇంటివాళ్లే తెచ్చి ఇచ్చారా? తెచ్చి ఇచ్చి ఉంటే, దానితో ఏ నేరమూ జరగలేదని తేలితే, ఆ ఫైలు మీద అనుమతి నిరాకరిస్తున్నట్టు రాసి సంతకం పెట్టండి. అలా చేస్తారని ముందే ఒక ప్రకటనలో చెప్పండి.

ఇట్లు,
ఒక జిల్లా కోర్టు న్యాయవాది